టీచరుగారికి తెలియకుండా సినిమా పాట

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. ఏడేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. వర్ణాలయ్యాయి, కీర్తనలు ముప్పై దాకా వచ్చు, ఈ మధ్యే రాగాలాపన మొదలుపెట్టారు. స్కూలు వార్షికోత్సవంలో రెండు సినిమా పాటలు పాడమన్నారు. టీవీ పోటీకి వీడియో పంపమని చుట్టాలు పోరుపెడుతున్నారు. టీచరుగారేమో సినిమా పాటలు పాడితే గొంతు పాడవుతుంది, గమకం పోతుంది, అలా అయితే నా దగ్గరికి రావద్దు అంటారు. అమ్మాయి ఆవిడకు తెలియకుండా గదిలో కరోకే పెట్టుకుని పాడుతోంది. ఆవిడ చెప్పేది నిజమేనా, లేక శాస్త్రీయ సంగీతం వాళ్లకు సినిమా పాటంటే ఉండే చిన్నచూపా? టీచరును మార్చమంటారా? – ఒక తల్లి, ఏలూరు

సమాధానం: టీచరును మార్చకండి. దాచిపెట్టడం మాత్రం ఈ వారమే మానిపించండి. వార్షికోత్సవంలో పాడనివ్వండి, టీవీ పోటీ ఇప్పుడు వద్దు. ఎందుకో, ఎలాగో కింద చెబుతాం.

ఆవిడ అన్న మాటలో మూడు సంగతులు కలిసిపోయాయి. గొంతు పాడవుతుందన్నది సగం నిజం. గమకం, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరు, పోతుందన్నది చాలావరకు నిజం, కానీ కారణం సాధారణంగా చెప్పుకునేది కాదు. ‘నా దగ్గరికి రావద్దు’ అన్నది సంగీతం విషయం కాదు, భయం. మూడింటినీ కలిపి చూస్తే మీకు చిన్నచూపులాగే కనిపిస్తుంది.

చిన్నచూపు అసలు లేదని మేమనం, ఉంది. అది మీ టీచరుగారితో మొదలైందీ కాదు. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయ్యాక ఆలిండియా రేడియోలో సినిమా పాటలు ఆగిపోయాయి. జనం శాస్త్రీయ సంగీతం వైపు తిరుగుతారనుకున్నారు, జనమేమో మీట శ్రీలంక నుంచి సినిమా పాటలు వేసే రేడియో సిలోన్ వైపు తిప్పుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి ఆ శ్రోతలను వెనక్కి పిలుచుకోవాల్సి వచ్చింది. ఆ పట్టింపు తాలూకు వాసన సంగీత పాఠాల గదుల్లో ఇంకా ఉంది.

అయితే అదే కాలంలో పెద్ద విద్వాంసులు ఏం చేశారో చూడండి. ‘నర్తనశాల’ (1963)లో ‘సలలిత రాగ సుధారస సారం’ పాడింది మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ‘భక్త ప్రహ్లాద’ (1967)లో నారదుడి వేషం కూడా వేశారు. కచేరీ విద్వాంసుడిగా ఆయనకు వీసమెత్తు గౌరవం తగ్గలేదు. వీణలో ఈమని శంకరశాస్త్రి జెమినీ స్టూడియోలో పనిచేశారు, ఆయన శిష్యుడు చిట్టిబాబు సినిమాలకు వీణ వాయించారు. ఘంటసాల, పి. సుశీల ఇద్దరూ విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నవాళ్లే. ఇంకా వెనక్కి వెళ్తే ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు మేళం వరసలకు సంస్కృత సాహిత్యం కట్టి నోట్టుస్వరాలు చేశారు. ‘సంతతం పాహిమాం’ అన్నది ఇంగ్లీషువాళ్ల రాజుగారి గీతం వరసే. అది పిల్లలకు నేర్పేటప్పుడు ఏ టీచరూ ముక్కు చిట్లించుకోరు.

ఒక తేడా మాత్రం గమనించాలి. వాయిద్యం వాళ్లు స్టూడియోకి వెళ్లడాన్ని ఎవరూ పెద్దగా తప్పుపట్టలేదు. పట్టింపంతా గాత్రం దగ్గరే, అందులోనూ నేర్చుకునే పిల్లల దగ్గరే. పగలు స్టూడియోలో వాయించిన వీణ రాత్రి కచేరీకి అలాగే ఉంటుంది. గొంతుకు కొత్త అలవాటు పడితే మాత్రం దాన్ని పెట్టెలో పెట్టి రెండోది తీయలేం. పద్నాలుగేళ్ల పిల్ల గొంతులో ఇంకా ఏ అలవాటూ గట్టిపడలేదు. మీ టీచరుగారి భయానికి మూలం అక్కడుంది.

ఇక గమకం. ‘పోతుంది’ అంటే ఏం పోతుందో మీకు వినపడితేనే ఆవిడతో మాట్లాడగలరు. తోడి రాగం తీసుకోండి. అందులో గాంధారం (గ) ఉంది కానీ ఒకచోట నిలబడదు, కింద రిషభానికీ (రి) పైన మధ్యమానికీ (మ) మధ్య ఊగుతూ ఉంటుంది. ఆ ఊగడమే తోడి. అదే గాంధారం మెట్టును కీబోర్డు మీద నొక్కి పట్టుకోండి, తోడి కనిపించదు. స్వరస్థానం సరిగ్గానే ఉంది, రాగం లేదు. ఇప్పుడు సినిమా పాట సంగతి. అక్కడ పాట కింద కీబోర్డు, గిటారు మూడు నాలుగు స్వరాలను ఒకేసారి పలికిస్తాయి. పైన పాడే స్వరం వాటితో కలవాలంటే ఒకచోట నిలబడాలి. ఊగితే కింద తీగతో గొడవ పడుతుంది. అందుకే సంగీత దర్శకులు స్వరాలు నిలబడినా ఆనవాలు దొరికే రాగాలను ఎక్కువగా ఎంచుకుంటారు: మోహన, హిందోళం, ఆభేరి, చక్రవాకం, సింధుభైరవి. కల్యాణి కూడా బోలెడు వినపడుతుంది, కానీ చాలావరకు హిందుస్తానీ యమన్ పద్ధతిలో, మధ్యమాన్నీ నిషాదాన్నీ (ని) ఊపకుండా. బేగడ, సహాన, వరాళి అరుదు. ఇందులో సంగీత దర్శకుల లోపం ఏమీ లేదు, వాళ్ల సామగ్రికి తగ్గట్టు వాళ్లు వంట చేసుకుంటారు. శాస్త్రీయ విద్వాంసుడు ‘అది రాగం కాదు, రాగం మెట్లు’ అన్నప్పుడు ఆయన చెబుతున్నది ఈ తేడా. తిట్టులా వినిపించినా అది కొలత.

దీన్నుంచి రెండు రకాల దెబ్బలు తగులుతాయి. రెండోదాని గురించి ఎవరూ చెప్పరు.

మొదటిది: నెలల తరబడి కరోకేతో పాడితే చెవి ఆ స్థిరమైన మెట్లకు అలవాటుపడి, తోడి గాంధారం, భైరవి నిషాదం చదునుగా రావడం మొదలవుతుంది. పాడే పిల్లకు తెలియదు, టీచరుకు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. పైగా ఇప్పటి రికార్డుల్లో చాలా గొంతులు కంప్యూటర్లో శ్రుతి సరిదిద్దినవి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఆ దారిని యంత్రం నున్నగా చెక్కేస్తుంది. పిల్లలు అనుకరించేది ఆ చెక్కుడును. కర్ణాటక సంగీతంలో సారమంతా ఆ దారిలోనే ఉంది, అంటే వాళ్లకు నేర్పినదాన్ని వాళ్లే తుడుచుకుంటున్నారన్న మాట.

రెండోది: శాస్త్రీయం నేర్చుకున్న పిల్ల సినిమా పాటను కూడా చెడగొడుతుంది. ప్రతి దీర్ఘం మీదా కంపితం (స్వరాన్ని ఊపడం) వేస్తుంది, ప్రతి చరణం చివరా ఒక బిర్కా (వేగంగా దొర్లే స్వరాల గుత్తి) పడేస్తుంది. స్కూలు ఫంక్షన్లో ‘అబ్బ, సంగీతం వచ్చిన పిల్ల’ అని చప్పట్లు కొడతారు, పాట తెలిసినవాళ్లు నొచ్చుకుంటారు. నిలబెట్టాల్సిన స్వరాన్ని నిలబెట్టడం కూడా విద్యే. ‘చెలి’ (2001)లో ‘మనోహరా’ పాట వినిపించండి. పాడింది కచేరీ గాయని బాంబే జయశ్రీ. గొంతు దించి, స్వరాలను ఎక్కడ వదలాలో అక్కడ వదిలేస్తారు, తనకు వచ్చినదంతా కుమ్మరించరు. ‘ప్రేమికుడు’లో ‘ఓ చెలియా నా ప్రియ సఖియా’ పాడిన ఉన్నికృష్ణన్‌దీ అదే తీరు. ఇంకో సంగతి, ఈ ఇద్దరూ సినిమాలో పాడేనాటికే కచేరీ గాయకులు. పునాది ముందు పడింది.

‘శంకరాభరణం’ సంగతి ఎత్తకుండా మన దగ్గర ఈ చర్చ ముగియదు. శాస్త్రీయ శిక్షణ లేని బాలసుబ్రహ్మణ్యంగారు ఆ పాటలు పాడి జాతీయ పురస్కారం అందుకున్నారు కదా, మరి ఇన్నేళ్ల సాధన ఎందుకు అని పిల్లలే అడుగుతారు. జవాబు ఇది: కె.వి. మహదేవన్ కట్టిచ్చిన వరసను కట్టినట్టు, భావంతో, తడబడకుండా పాడటం ఒక విద్య. అది ఆయనకు ఎవరికీ లేనంత ఉంది. అదే శంకరాభరణ రాగాన్ని ముందు ఏమీ రాసుకోకుండా ఇరవై నిమిషాలు ఆలాపన చేయడం ఇంకో విద్య. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది రాదు. మీ అమ్మాయి ఇప్పుడు రెండో విద్య గుమ్మంలో ఉంది. ఆలాపన మొదలుపెట్టారని రాశారు. ఇది చాలా సున్నితమైన దశ. ఇన్నాళ్లూ చెప్పింది చెప్పినట్టు పాడిన పిల్ల ఇప్పుడు సొంతంగా సంచారం (రాగంలో తిరిగే దారి) వెతుక్కోవాలి. సినిమా పాటలో వెతుక్కునేది లేదు, అంతా సిద్ధంగా ఉంటుంది, పైగా వెంటనే చప్పట్లు. పిల్ల మనసు ఎటు లాగుతుందో చెప్పక్కర్లేదు. గొంతు, గమకం అని పైకి అన్నా, మీ టీచరుగారి లోపలి బెంగ ఎక్కువగా ఇదే అయి ఉంటుంది.

గొంతు సంగతికి వద్దాం. సినిమా పాట దానంతటది గొంతును పాడుచేయదు. శ్రుతి చూసుకోకుండా పాడితే చేస్తుంది. లెక్క వేసి చూపిస్తాం. మీ అమ్మాయి శ్రుతి (ఆమె ‘స’ పెట్టుకునే ఎత్తు) ఐదు అనుకోండి. హార్మోనియంలో ఐదో తెల్లమెట్టు, కీబోర్డు వాళ్ల భాషలో జి. ఆమె సాధన మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) నుంచి తార పంచమం (పై స్థాయి ‘ప’) దాకా ఉంటుంది. తార పంచమం అంటే పై డి. ఆడవాళ్ల సినిమా పాటలు చాలా వాటిలో అనుపల్లవిలాంటి ఎత్తు దగ్గర ఇ, ఎఫ్ దాకా వెళ్తాయి. ఆమె లెక్కలో అవి తార ధైవతం (పై ‘ద’), తార నిషాదం (పై ‘ని’). ఎప్పుడూ సాధన చేయని చోటు. సినిమా గాయనులు అక్కడికి గొంతు తేలిక చేసి, తలలోంచి పలికినట్టు వెళ్తారు. మన పద్ధతిలో దాన్ని దొంగగొంతు అని మొదటి రోజునుంచే మాన్పిస్తాం. కాబట్టి మీ అమ్మాయికి తెలిసిన దారి ఒక్కటే, నిండు గొంతును ఇంకా గట్టిగా తోయడం. మెడ నరాలు ఉబ్బుతాయి, గడ్డం పైకి లేస్తుంది, మర్నాడు పొద్దున మంద్రస్థాయి గరగరలాడుతుంది. ‘సినిమా పాట పాడి గొంతు పోగొట్టుకుంది’ అన్న కథల్లో చాలా వాటి వెనక ఉన్నది ఈ తోపుడే.

వయసు కూడా చూడాలి. మగపిల్లల గొంతు మారడం అందరికీ తెలుసు. ఆడపిల్లలకు పదమూడు నుంచి పదిహేను మధ్య అంత స్పష్టంగా కాకపోయినా మారుతుంది. కొద్దిగా దిగుతుంది, కొన్ని నెలలు గాలి కలిసినట్టు వస్తుంది, పైస్థాయి ఒకరోజు ఉండి ఒకరోజు ఉండదు. ఆ నెలల్లో పైకి తోయించకూడదు, అది కీర్తన అయినా సరే.

కాబట్టి వార్షికోత్సవం పాట ఇలా తయారుచేయించండి.

ముందు రెండు పాటల్లో ఒకటి మార్చుకోవచ్చా అని స్కూల్లో అడగండి. ఒక సినిమా పాట, ఒక లలిత గీతం లేదా అన్నమయ్య కీర్తన అంటే చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి. లలిత సంగీతం అన్నది రేడియో వాళ్లు శాస్త్రీయానికీ సినిమాకీ నడుమ పెంచిన చెట్టు. మాట స్పష్టంగా, గమకం తగుమాత్రంగా, పాట పొట్టిగా ఉంటుంది. ఈ వయసుకు దానికన్నా మంచి అభ్యాసం లేదు, మీ టీచరుగారు కూడా అడ్డు చెప్పే అవకాశం తక్కువ.

సినిమా పాట ఎంపికలో కొలబద్ద ఒక్కటే. తంబురా పెట్టుకుని పల్లవిని స్వరాలతో పాడగలగాలి. మొదట పాటలో షడ్జం (స) ఎక్కడుందో పట్టుకోమనండి. తంబురా యాప్‌లో ఒక్కొక్క శ్రుతీ మారుస్తూ పోతే ఒకచోట పాట వచ్చి కూర్చుంటుంది. కొన్ని పాటల్లో చరణానికి షడ్జం మారిపోతుంది, అలాంటివి ఈసారికి పక్కన పెట్టండి. తర్వాత పాటలో అన్నిటికన్నా పై స్వరం, కింది స్వరం రాసుకోవాలి. పైది ఆమె తార పంచమం దాటితే శ్రుతి దించాలి. పై ఉదాహరణలో ఇ దగ్గరున్న స్వరాన్ని డి చేయాలంటే రెండు మెట్లు, అంటే కరోకే యాప్‌లో మైనస్ రెండు. మూడు దాటి దించితే ట్రాక్ సాగదీసినట్టు వినపడుతుంది, అప్పుడు పాటే మార్చుకోవడం నయం. స్కూల్లో కీబోర్డు వాయించేవాళ్లు ఉంటే వాళ్లకు ట్రాన్స్‌పోజ్ మీట ఉంటుంది, ఎంత దించాలో ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. దించాక పల్లవిలో కింది స్వరాలు మరీ అడుగుకు పోలేదు కదా అనీ చూసుకోవాలి. ఎత్తు ఒక్కటే చూసి దించేసి, పల్లవి వినపడక ఇబ్బంది పడటం తరచూ జరిగేదే.

ఆపైన సాహిత్యం రాసుకుని ప్రతి దీర్ఘం మీదా గుర్తు పెట్టించండి: ఇక్కడ స్వరం నిలబడింది, ఇక్కడ జారు, ఇక్కడ చిన్న ఊపు. ఈ పని ఆమెకు చప్పగా ఉంటుంది, అయినా చేయించండి. గమకం ఎక్కడ వేయకూడదో చెవితో తేల్చుకున్న పిల్లకు ఎక్కడ వేయాలో మరచిపోయే ప్రమాదం తగ్గుతుంది. ట్రాక్ పెట్టుకునే ముందు తంబురాతో, తాళం వేసుకుంటూ పాడాలి. ఎడుపు (తాళంలో పాట అందుకునే చోటు) సమం మీదా, అంటే తాళం మొదటి దెబ్బ మీదా, లేక అర అక్షరం తర్వాతా అన్నది తేల్చుకోవాలి. సినిమా పాటలో ముందు వచ్చే వాయిద్యాలు విని గుడ్డిగా అందుకునే పిల్లలు, ఫంక్షన్లో ఆ వాయిద్యం వినపడకపోతే తప్పిపోతారు. తాళం ఆవర్తాలు (చుట్లు) లెక్కపెట్టుకున్న పిల్ల తప్పదు. ఇందులో మీ అమ్మాయికి ఏడేళ్ల ఆధిక్యం ఉంది, వాడుకోమనండి. ట్రాక్ అన్నిటికన్నా చివర.

ఊపిరి దగ్గర ఒక పొరపాటు శాస్త్రీయం పిల్లలకు మాత్రమే వస్తుంది. కీర్తనలో సంగతి (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే వరస) కోసం మాటను మధ్యలో విరిచినా ఎవరూ ఏమీ అనరు. సినిమా పాటలో మాట మధ్యలో ఊపిరి తీస్తే వెంటనే దొరికిపోతారు. ఊపిరి చోట్లు పెన్సిల్‌తో గీత గీసుకోవాలి.

మైకు దగ్గర మన పిల్లలు కచేరీ పద్ధతిలో నిండుగా పాడేసి, పక్కన నిలబడ్డ ఏ శిక్షణా లేని పిల్ల కన్నా మోటుగా వినపడతారు. కింది స్థాయిలో మైకు నోటికి బెత్తెడు దూరం, పైకి వెళ్లేటప్పుడు జానెడు. ప, బ, భ అక్షరాలకు గాలి పేలకుండా మైకును నోటికి సూటిగా కాక కాస్త పక్కవాటుగా పట్టుకోవాలి. జాలీ గుండును చేత్తో మూసి పట్టుకుంటే గొంతు బొంగురుగా వస్తుంది, కూత కూడా వేస్తుంది. అన్నిటికీ మించి తన గొంతు తనకు వినపడేలా ఒక స్పీకరు ఆమె వైపు తిప్పమని ముందురోజే అడగండి. వినపడనప్పుడే పిల్లలు అరుస్తారు. ట్రాక్ ఫోన్లోంచి వేస్తుంటే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే చరణం మధ్యలో ఎవరి ఫోనో వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఇంకో ప్రతి ఉంచుకోండి. ఇంట్లో సాధనకు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు. వాటిలో పాట రవ్వంత ఆలస్యంగా చేరుతుంది, రికార్డు చేసి వింటే పిల్ల తాళం వెనక పడినట్టుంటుంది, లేని తప్పు దిద్దుకుంటూ కూర్చుంటుంది. తీగ ఉన్నవి వాడండి, అదీ ఒక చెవికే.

రోజువారీ వేళలు. పొద్దున నలభై నిమిషాలు శాస్త్రీయానికే: పది నిమిషాలు మంద్రస్థాయిలో అకారం (‘ఆ’ అంటూ పాడటం), తర్వాత సరళి, జంట వరసలు మూడు కాలాలు (వేగాలు), ఒక వర్ణం రెండు కాలాలు, మిగిలింది టీచరుగారి పాఠం. సినిమా పాట సాయంత్రం, ఇరవై నిమిషాలు మించకుండా. అది అయ్యాక అయిదు నిమిషాలు తంబురాతో తోడి గానీ భైరవి గానీ పాడి ముగించాలి, చెవిని వెనక్కి తెచ్చుకోవడానికి. పాఠం ఉన్న రోజు పాఠానికి ముందు సినిమా పాట ముట్టుకోకూడదు. ఫంక్షన్ వారంలో పూర్తి గొంతుతో రోజుకు మూడుసార్లు చాలు, మిగతా అభ్యాసం మెల్లగా, మాట చెప్పుకుంటున్నట్టు. జలుబు చేస్తే రెండూ మానేయాలి. గొంతు బొంగురు రెండు వారాలు దాటి ఉంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. మిరియాల పాలు తాగిస్తూ నెల గడపొద్దు.

గమకం నష్టం జరుగుతోందా లేదా అన్నది తెలుసుకోవడం సులువే. ఈ రోజే ఆమె చేత తోడిలోనో భైరవిలోనో వచ్చిన కీర్తన పల్లవి, తంబురా మాత్రమే పెట్టి, ఫోన్లో రికార్డు చేయండి. ఫంక్షన్ అయిన మర్నాడు అదే పల్లవి అదే శ్రుతిలో మళ్లీ. రెండూ టీచరుగారికి వినిపించండి. ఆవిడ చెవి అబద్ధం చెప్పదు, మీ వాదనలూ ఆవిడ వాదనలూ అక్కర్లేదు.

టీవీ పోటీ వద్దనడానికి సినిమా పాట కారణం కాదు. వార్షికోత్సవానికి ఒక సినిమా పాట, తీరిగ్గా నేర్చుకోవచ్చు. పోటీలో ఎంపికైతే ఒక్కో ఘట్టానికీ కొత్త పాట, రోజుల్లో నేర్చుకోవాలి, శ్రుతి మీ ఇష్టం కాకపోవచ్చు. ఎత్తు స్వరం అందుకున్న పిల్లకే చప్పట్లు ఎక్కువ పడతాయి కాబట్టి తోపుడు తప్పదు. గొంతు మారే వయసు, పైన పదో తరగతి, ఇప్పుడిప్పుడే మొదలైన మనోధర్మం (సొంతంగా అల్లి పాడటం), మూడూ ఒకే ఏడాదిలో పడ్డాయి. పదో తరగతి పరీక్షలయ్యాక ఆమె గొంతు కుదుటపడి, తోడి ఆలాపన పది నిమిషాలు తడుముకోకుండా చేయగలిగితే అప్పుడు వెళ్లనివ్వండి. ఈలోగా వేదిక కావాలనుకుంటే రేడియోలో ఈ వయసువాళ్లకు కార్యక్రమాలేమైనా ఉన్నాయేమో చూడండి. లలిత సంగీతానికి అక్కడ వేరే ఆడిషన్ ఉంటుంది. చుట్టాలకు మాత్రం వీడియో బాగా రాలేదని చెప్పేయండి, వాళ్లతో గమకం గురించి మాట్లాడి లాభం లేదు.

ఇప్పుడు టీచరుగారితో మాట. దాచడం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే. ఫంక్షన్ అయిన గంటలో వీడియో ఎవరో ఒకరి వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది, మీ టీచరుగారి మిగతా శిష్యుల తల్లులు చూస్తారు. పాట కన్నా దాచిన సంగతికి ఆవిడ ఎక్కువ నొచ్చుకుంటారు. ఫోన్లో కాదు, పాఠం లేని రోజు మీరే అమ్మాయితో వెళ్లండి. ‘సినిమా పాటలు పాడొచ్చా?’ అని అడగకండి, ఆ ప్రశ్నకు ఆవిడ దగ్గర ‘వద్దు’ సిద్ధంగా ఉంది. పని చెప్పి అడగండి. ‘అమ్మా, స్కూల్లో ఫలానా తేదీన పాడమన్నారు. ఇదీ పాట, రెండు మెట్లు దించాం, తార పంచమం దాటదు. పొద్దున సాధన మానదు. టీవీ పోటీకి పంపడం లేదు. ఒక్కసారి మీరు విని, ఎక్కడ గొంతు తోస్తోందో చెబితే అక్కడ మార్చుకుంటాం’ అనండి. ఇన్నాళ్లు దాచి పాడిన సంగతి కూడా అమ్మాయే తన నోటితో చెప్పాలి, మీరు చెప్పకండి.

చాలామంది టీచర్లు ఇక్కడ మెత్తబడతారు, ఎందుకంటే శ్రుతి, స్థాయి అని మాట్లాడిన తల్లి వాళ్లకు అరుదుగా దొరుకుతుంది. కొందరు పాట విని ‘ఇక్కడ నిషాదం అలా కాదు’ అని దిద్దడం మొదలుపెడతారు కూడా. ఆవిడ దిద్దినదంతా ఫంక్షన్లో పాడాలని లేదు, ఆవిడ కర్ణాటక పద్ధతికి దిద్దితే అది ట్రాక్‌తో గొడవ పడవచ్చు. దాన్ని ఇంట్లో తంబురాతో పాడుకుని, వేదిక మీద ట్రాక్‌కు తగ్గట్టు పాడమనండి.

అన్నీ విన్నాక కూడా ఆవిడ ససేమిరా అంటే, వార్షికోత్సవంలో లలిత గీతం, అన్నమయ్య కీర్తనతో సరిపెట్టండి. ఆలాపన నేర్పే ఓపిక, చెవి ఉన్న టీచరు ఏలూరులోనే కాదు, ఎక్కడా తేలిగ్గా దొరకరు. ఒక్క పాట కోసం ఆ పాఠం వదులుకోవడం దండగ. అదే ఆవిడ ఇంట్లో వినడాన్ని కూడా నిషేధిస్తే, లేదా ఏడాది గడిచినా ఆలాపన ముందుకు కదలకుండా పాత కీర్తనలే తిప్పుతుంటే, అప్పుడు వేరే టీచరు గురించి ఆలోచించండి. ఆ నిర్ణయానికి సినిమా పాటను కారణంగా చూపకండి, అమ్మాయి కూడా అలా అనుకోకుండా చూడండి.